రేవు – బిల్డ్ 47

14 సెప్టెంబర్ 2014, ఆదివారం

ఈ రోజు చర్చిలో సాక్ష్యం చెప్పాను. మా తమ్ముడు బెన్హర్‌కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, మంగళవారం వెళ్లాడు, దేవునికి స్తోత్రం. మూడే ముక్కలు. అందరూ ఆమెన్ అన్నారు. కృతజ్ఞత కానుక కవరు మీద వాడి పేరు రాసి కానుకల సంచిలో వేశాను.

మంగళవారం వెళ్లడం ఒక్కటే నిజం. ఎక్కడికి వెళ్లాడో తెలియదు.

ముందే అనుకుని చెప్పింది కాదు. దేవుడు చేసిన మేళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ పాస్టరమ్మ మా బెంచీ వైపు చూసి, "బెన్హర్ కనిపించడం లేదే" అంది. అమ్మ తల దించుకుంది. ఎవరో ఒకరు లేవాలి కదా, నేను లేచాను. కూర్చున్నాక మామూలుగానే పాటల పుస్తకం తెరిచాను. అదే నాకు వింతగా ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ కొబ్బరి తురుముతూ, "బెంగులూరేటే, దగ్గర్లో ఇంకే ఊరూ దొరకనేదా నీకు" అంది. తరవాత ఆ మాట ఎత్తలేదు.

మంగళవారం పొద్దున్న నేను వాణ్ణి ఏమీ అనలేదు. ఉప్మా తిన్నాను, కాలేజీకి వెళ్లాను.

15, సోమవారం

ఫోన్ రాలేదు. వాడి ఫోన్ టీవీ పక్కనే ఉంది. ఛార్జింగ్ పెట్టాను.

17, బుధవారం

పోలీసులకు చెబుదామా అంది అమ్మ. ఉద్యోగంలో చేరాడని ఆదివారం అంతమంది ముందు చెప్పి, బుధవారం కనిపించడం లేదని ఏ మొహంతో రాసిస్తాం? అసలు సంగతి అది కూడా కాదు. వెతకడం మొదలుపెడితే ఏదో ఒకటి దొరుకుతుంది. చంపావతి ఏటి ఒడ్డున చెప్పులు దొరికితే? వెతకనంతసేపూ వాడు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే.

అమ్మ ప్రార్థన కూటానికి వెళ్లాక టీవీ పెట్టబోయి పొరపాటున వాడి ఆటల మిషన్ స్విచ్ వేశాను. పొరపాటున అనే రాస్తున్నాను, అలాగే ఉండనీ.

హైదరాబాదులో వీడియో గేముల కంపెనీలో రెండేళ్లు టెస్టరుగా చేశాడు. ఆట ఆడి అందులో తప్పులు వెతికి రాయడం పని. ఆట పేరు 'రేవు'. టీవీకి పెట్టుకుని ఆడేది. బజారులోకి రాకముందే మార్చిలో కంపెనీ మూసేశారు. ఆ రోజు చేతికి అందింది పట్టుకుపొమ్మన్నారట. ఒకడు కుర్చీ, ఒకడు ఏసీ రిమోటు. వీడు ఈ టెస్టింగ్ మిషనూ, మార్కర్‌తో 'బిల్డ్ 47' అని, అంటే నలభై ఏడోసారి కూర్చిన ఆట అని, రాసి ఉన్న డిస్కూ తెచ్చుకున్నాడు. ఆర్నెల్లు దాని ముందే కూర్చున్నాడు.

పడవవాడు జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చాలి. ఏరు పెరుగుతూ ఉంటుంది. నాలుగుసార్లు ముంచాను. అమ్మ గేటు చప్పుడు విని ఆపేశాను.

20, శనివారం

డిగ్రీ కాలేజీలో ఎనిమిదేళ్ల నుంచి కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. ఏ కీబోర్డు చూసినా, ఏ అక్షరం అరిగిందో చూసి పిల్లలు ల్యాబ్‌లో ఏం చేస్తున్నారో చెప్పేయగలను. వాడి కంట్రోలర్ కూడా అలాగే చూశాను. 'సెలెక్ట్' బటన్ మీద అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి. ఎడమ స్టిక్ మీద రబ్బరు ఊడిపోయింది. స్టిక్ సరే, పడవ దానితోనే నడుస్తుంది. ఈ ఆటలో సెలెక్ట్‌తో మాత్రం ఏ పనీ లేదు. ఎంత నొక్కినా ఏమీ జరగదు.

పని లేని బటన్ అంతలా ఎందుకు అరుగుతుంది?

21, ఆదివారం

చర్చి అయ్యాక గోనెసంచుల లారీ నడిపే జేమ్స్ అన్న నా చెయ్యి పట్టుకుని, "గుంటడు గట్టోడమ్మా. ఆడి కోసం మా ఇంట్లో రోజూ ప్రార్థన సేసీవోలం" అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, ఆయనకి. నాకు రాలేదు.

మధ్యాహ్నం మెనూ దొరికింది. ఆట ఆపి, ఎడమ స్టిక్ లోపలికి నొక్కిపట్టి, సెలెక్ట్ మూడుసార్లు. కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ ముప్పై ఒక్క రకాలు ప్రయత్నించాక తెరుచుకుంది. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. డీబగ్ మెనూ. టెస్టర్లు వాడుకోవడానికి పెట్టుకున్నది, కొనేవాళ్లకు కనిపించకూడనిది. ఏ ఘట్టానికైనా దూకవచ్చు. ఏటిని ఆపవచ్చు. పడవ మునగకుండా చేయవచ్చు. కెమెరాను పడవ నుంచి విడదీసి ఎటైనా తిప్పవచ్చు.

ఏటిని ఆపి కాసేపు కూర్చున్నాను. బాగుంది.

22, సోమవారం

పక్కింటి మరిడమ్మతో అమ్మ అంటోంది: "ఆడికక్కడ ఇడ్లీలు పడతన్నాయి కాదంట." అమ్మను లోపలికి పిలిచి చెప్పాను, మరిడమ్మతో నిన్ననే నేను చపాతీలు పడటం లేదన్నానని. ఇద్దరం ఒకే మాట మీద ఉండాలి కదా. అమ్మ సరే అంది.

24, బుధవారం

కెమెరా విడదీసి ఊరి వెనక్కి వెళ్లాను. ఇళ్లకు ముందు గోడలే ఉన్నాయి. వెనక ఏమీ లేదు. ఏరు కొంతదూరం వెళ్లి బల్ల అంచులా ఆగిపోయింది. కెమెరాను నేల కిందికి దింపితే అక్కడ జనం. ముసలమ్మ, చేపల తట్ట మనిషి, స్కూలు పిల్లలు, అందరూ చీకట్లో వరసగా నిలబడి ఉన్నారు. పిలుపు వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ పైకి తెచ్చి రేవులో పెడతారన్నమాట. అందాకా అక్కడే.

వాళ్లను చూస్తూ చాలాసేపు ఉన్నాను. భయం వేయలేదు. ఈమధ్య ఏదీ వేయడం లేదు. ఆకలి కూడా అమ్మ గుర్తు చేస్తే వేస్తోంది.

1 అక్టోబర్, బుధవారం

దసరా సెలవులు. మెనూలో 'నోట్స్' అని ఒక మాట ఉంది, ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాను. అది వేయగానే ఊరంతా పసుపుపచ్చ చీటీలు తేలాయి. ఎక్కడ తప్పు కనిపిస్తే అక్కడే చీటీ వదలడం వీళ్ల పద్ధతి. తేదీ, పేరు, కింద మూడు గళ్లు: ఏం చేశాను, ఏం జరిగింది, ఏం జరగాల్సింది. కంట్రోలర్‌తో ఒక్కొక్క అక్షరం ఏరుకుని రాయాలి. చీటీకి పావుగంట పడుతుంది.

చాలావరకు వేరేవాళ్లవి. మార్చి తరవాత తేదీలు ఉన్నవన్నీ వాడివే. కంపెనీ లేదు, చదివేవాడు లేడు, వీడు మాత్రం రాస్తూనే ఉన్నాడు. మేమేమో ఆడుకుంటున్నాడు అనుకున్నాం.

"ముసలమ్మని దింపాను. ఒడ్డు ఎక్కాక కూడా బిందె మోస్తూనే ఉంది. దించుకోవాలి."

"వానలో ఆగాను. ఎవరూ తడవడం లేదు. తడవాలి."

"పడవ తప్పిపోయినవాడిని గమనించాను. ఒడ్డునే నిలబడిపోతున్నాడు. ఇంటికి తిరిగి వెళ్లాలి, ఆ దారి ఎవరూ రాయలేదు."

ఎనభై ఆరు చీటీలు చదివాను. నా గురించి లేదు. అమ్మ గురించి లేదు. ఉంటుందనే వెతికాను, ఒప్పుకుంటున్నాను. మంగళవారం పొద్దున్నది కూడా ఒకటుంది, తొమ్మిదో తేదీది. "పడవ కట్టేశాను. తాడు కనిపించడం లేదు. కనిపించాలి." అంతే.

ఆ పొద్దున్న నేనేమీ అనలేదు. పెద్దగా ఏమీ అనలేదు.

5, ఆదివారం

నెల మొదటి ఆదివారం, ప్రభు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ పంచే రోజు. తప్పు దాచుకుని రొట్టె ముట్టకూడదు, ఎవరిని వారు పరీక్షించుకోమన్నారు పాస్టరుగారు. నేను మొన్నటి చీటీల గురించి ఆలోచించాను. పళ్లెం వచ్చింది, రొట్టె తీసుకున్నాను, గిన్నె తీసుకున్నాను. ఏమీ కాలేదు.

బయట జేమ్స్ అన్న మళ్లీ వాడి మాట ఎత్తబోయాడు. "మొన్న మీ తమ్ముడు..." అంటుండగానే, బాగున్నాడన్నా అని చెప్పులు వేసుకుని వచ్చేశాను. ఇంకా ఎన్ని ఆదివారాలు ఇలా తప్పించుకోవాలో.

11, శనివారం

రేపు తుపాను తీరం దాటుతుందట. కొవ్వొత్తులు, బియ్యం, అగ్గిపెట్టెలు. మిషన్‌కి పాలిథిన్ కవరు చుట్టి బీరువాలో పెట్టాను.

17, శుక్రవారం

ఆదివారం నుంచి కరెంటు లేదు. మా పెంకులు సగం ఎగిరిపోయాయి. వీధిలో ఒక్క స్తంభం నిలబడి లేదు. గాలి హోరులో అమ్మా నేనూ మంచం కింద కూర్చున్నాం. అప్పుడు అమ్మ అంది, నెల రోజుల్లో మొదటిసారి: "లీలా, ఆడెక్కడున్నాడో ఏటో."

"బెంగళూరులో గాలి లేదమ్మా" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. నేనేం అన్నానో నాకు అప్పుడు వినబడింది. ఓదార్చడానికి అన్నాను. నిజంగానే వాడు అక్కడ ఉన్నట్టు, అది తలుచుకుని నాకు కాస్త నిమ్మళంగా ఉన్నట్టు అన్నాను. నాకేమైనా అవుతోందా?

22, బుధవారం

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. వీధంతా ఒకటే అరుపులు. నేను ముందు మిషన్ తీసి తుడిచి పెట్టాను. అమ్మ చూసింది, వారించలేదు. వెనకాల వచ్చి కూర్చుంది.

మెనూలో చివరి మాట దగ్గర ఇంకా కిందికి నొక్కితే రెండో పేజీ ఉంది. ఇన్నాళ్లూ చూసుకోలేదు. 'గొంతులు' అని ఉంది. ఆటలో ఎవరెవరు ఏం మాట్లాడతారో ఒక్కొక్కటీ విని చూసుకునే చోటు. రెండువందల పన్నెండు దాకా హైదరాబాదువాళ్ల గొంతులు, రేడియో నాటకంలాగా. రెండువందల పదమూడు నుంచి పక్కన తేదీలున్నాయి. జూన్, జూలై, ఆగస్టు. కంపెనీ మూసేశాక పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించినవి.

మొదటిది నొక్కాను. నీళ్ల చప్పుడు. ఒక ముసలాయన:

"నా పేరు అసిరయ్య. నర్సన్నపేట అవతల, వంశధార రేవుల ముప్పై ఏళ్ల నుంచి పడవేస్తన్నాను. ఎక్కండి, ఎక్కండి, గంపలు మద్దిన ఎట్టండి. ఒరే బెన్నూ, ఇలాగ సాలా, మల్లీ సెప్పాలా?"

"సాలు మావా. శానా బాగొచ్చినాది."

రెండోది వాడి గొంతు.

అమ్మ అరవలేదు, ఏడవలేదు. "మల్లీ ఎట్టు" అంది. పెట్టాను. పదకొండుసార్లు పెట్టాను. ఆ తేదీలు చూస్తే నాకు గుర్తున్నాయి. విశాఖపట్నంలో ఇంటర్వ్యూ అని వెళ్లిన రోజులవి. ఇస్త్రీ చొక్కా నేనే ఇచ్చాను. వాడు వెళ్లి పడవ మాటలు పట్టుకొచ్చాడు. కోపం రావాలేమో. వాడు నవ్వుతూ మాట్లాడటం విని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

25, శనివారం

శ్రీకాకుళం మీదుగా నరసన్నపేట వెళ్లాను. అమ్మకు చెప్పే వెళ్లాను. వస్తానంది, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్నాను, ఒకవేళ వాడు వస్తే. దారి పొడుగునా కొత్త స్తంభాలు ఎత్తుతున్నారు.

రేవు కనుక్కోవడం కష్టం కాలేదు. అసిరయ్య నీళ్లు దిగకుండా పడవకు తారులాంటి కీలు పూస్తున్నాడు. నన్ను చూసి చేతులు గోచీకి తుడుచుకున్నాడు.

"నువ్వు లీలవి కదేటి. ఆడి ముక్కే."

"మా తమ్ముడున్నాడా మావయ్యా?"

"ఉన్నాడు. మొన్న మంగళారం దాకా ఉన్నాడు."

కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఉన్నాడు అన్న మాట దగ్గర నా చెవులు కాసేపు పనిచేయలేదు. చంపావతి ఒడ్డూ, చెప్పులూ, నేను తలుచుకోకుండా ఆపుకున్నవన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చి పోయాయి. ఆయన చెప్పుకుంటూ పోయాడు.

సెప్టెంబర్ తొమ్మిదో తేదీ సాయంత్రమే వచ్చాడట. మోటారు గదిలో పడుకునేవాడు. తెడ్డు వేసేవాడు, గంపలు మోసేవాడు. ఆ నెలాఖరుకి కాస్త తేరుకున్నాడు. "అక్క కోపం పాల పొంగు మావా, ఈపాటికి సల్లారిపోయుంటాది" అనేవాడట. ఆ వచ్చే ఆదివారం ఇంటికి బయలుదేరుదామని సంచి కూడా సర్దుకున్నాడు.

"అప్పుడా లారీ ఆయనొచ్చినాడు. రోడ్డు మీద టీ కొట్టు కాడ ఈడు కనిపించినాడు. మీ గుడి మనిసేనంట."

"జేమ్స్ అన్న."

"ఆయనే. అప్పుడే సెలవులేట్రా అన్నాడు. మీ అక్క గుడిల నిలబడి సాక్ష్యం సెప్పినాది, బెంగులూరుల పెద్ద ఉజ్జోగమంట కదా, మేమందరం ఆమెనన్నాం అన్నాడు. ఈడు నవ్వినాడు. అవునన్నా, సెలవులే అన్నాడు. లారీ ఎల్లిపోయినాక ఇక్కడే కూలబడిపోనాడమ్మా."

"ఏమన్నాడు?"

అసిరయ్య కీలు డబ్బా మూత పెట్టాడు.

"ఇంకెలాగ ఎల్తాను మావా అన్నాడు. మా అక్క దేవుడి ముందల సెప్పేసినాది, ఇప్పుడు నాను ఉత్తి సేతుల్తో ఎల్తే అది అబద్ధాలకోరైపోతాది, అమ్మ తలెత్తుకోనేదు అన్నాడు. సంచి ఇప్పేసినాడు. తుపాను పోయినాక కరెంటు స్తంభాలెత్తే గుంపొకటి వచ్చింది. మనుసులు సాలక పిలిసినారు. ఆలతో ఎల్లిపోనాడు."

"ఏ వైపు?"

"ఏ వైపని సెప్తాను తల్లీ. స్తంభం ఎక్కడ పడితే అక్కడికి. ఇజీనగరం దాటి సాలూరు రోడ్డనుకుంట."

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నట్టున్నాడు, మొహం తిప్పుకున్నాడు. రాలేదు. బస్సు ఎన్నింటికి అని అడిగాను.

26, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. అమ్మకు అంతా చెప్పాను. బతికున్నాడన్న దగ్గరే అమ్మ ఆగిపోయింది, మిగతాది విన్నట్టు లేదు.

28, మంగళవారం

వాడి పద్ధతిలో రాస్తాను. లేకపోతే నేను మళ్లీ తిప్పి రాసుకుంటాను.

ఏం చేశాను: సెప్టెంబర్ తొమ్మిది, పొద్దున్న ఎనిమిది. ఉప్మా గిన్నె వాడి ముందు నుంచి లాక్కున్నాను. "నీ గురించి జనానికి సెప్పలేక సచ్చిపోతన్నాం. ఉజ్జోగం దొరికినాకే ఈ గుమ్మం తొక్కు, అందాకా నీ మొహం సూపించకు" అన్నాను. అమ్మ పెరట్లో ఉంది, వినలేదు.

ఏం జరిగింది: వెళ్లిపోయాడు.

ఏం జరగాల్సింది: గిన్నె అక్కడే ఉండాల్సింది.

ఏం చేశాను: సెప్టెంబర్ పద్నాలుగు. వాడికి ఉద్యోగం వచ్చిందని చర్చిలో చెప్పాను. అమ్మ పరువు కోసం అనుకున్నాను. అమ్మ కోసం కాదు. నేను తరిమేశానని ఎవరికీ తెలియకూడదని.

ఏం జరిగింది: వాడు తిరిగి వద్దామనుకున్నాడు. నా సాక్ష్యం అడ్డం వచ్చింది. జేమ్స్ అన్న వాణ్ణి చూసిన సంగతి చెప్పబోతే నేను వినకుండా పారిపోయాను. ఆ రోజు విని ఉంటే మర్నాడే రేవుకి వెళ్లేదాన్ని, వాడు అక్కడే ఉండేవాడు.

ఏం జరగాల్సింది:

ఇది రాయలేకపోతున్నాను. తెలియక కాదు.

30, గురువారం

కాలేజీ నుంచి సాలూరు బస్సెక్కి గజపతినగరం దాకా వెళ్లి వచ్చాను. మూడు గుంపులు కనిపించాయి. అన్నిటి దగ్గరా దిగి అడిగాను. అందరూ తలకు తువ్వాళ్లు చుట్టుకుని ఒకేలా ఉన్నారు. మీ తమ్ముడి పేరేటి అని అడిగితే చెప్పాను. అలాంటి పేరు లేదన్నారు. పేరు మార్చి చెప్పుకున్నాడేమో. నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడేమో. వాడిని తిరిగి రావద్దన్నది నేను, వెతుక్కుంటూ వెళ్తున్నదీ నేనే. వాడు నమ్మడానికి ఏముంది?

1 నవంబర్, శనివారం

అమ్మతో చెప్పాను, రేపు లేచి నిలబడతానని. "నీకు పెళ్లి కావాల్సుంది లీలా" అంది. మళ్లీ తనే, "నిలబడు" అంది.

2, ఆదివారం

సాక్ష్యాల వేళ లేచాను. మామూలుగా అందరూ స్తోత్రంతో మొదలుపెడతారు. నేను అది అనలేదు.

"మా తమ్ముడికి ఉద్యోగం రాలేదు. నేను అబద్ధం చెప్పాను. ఉద్యోగం లేదని నేనే ఇంట్లోంచి పొమ్మన్నాను, ఎక్కడున్నాడో ఇప్పుడు తెలియదు."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరమ్మ బైబిలులోకి చూస్తోంది. నేను కూర్చోబోతుంటే అమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, "నానూ అబద్ధమే సెప్పినాను. ఇడ్లీలూ అయ్యీ" అంది. వెనక బెంచీలో ఎవరో నవ్వి ఆపుకున్నారు. ఆ నవ్వుతో నాకు ఏమైందో తెలియదు, ఏడుపు వచ్చింది. యాభై రోజులది. ప్రార్థన అయ్యేదాకా ఆగలేదు. ప్రభు బల్ల పళ్లెం నా ముందుకు వస్తే పక్కవాళ్లకు అందించేశాను.

బయట జనం మాకు దూరంగా నిలబడ్డారు. కొందరు వచ్చి చేయి నొక్కారు. జేమ్స్ అన్న అందరూ వెళ్లేదాకా ఆగాడు. లారీ తాళంచెవి చేతిలో తిప్పుతూ ఉన్నాడు.

"నాకు తెల్దమ్మా. తెలుస్తే ఆ దినమే లారీల ఎక్కించుకొచ్చీసుందును."

"నీ తప్పేటీ నేదన్నా. నువ్వు సెప్పబోతే నానే ఇన్నేదు."

"రేపు సాలూరు లోడున్నాది. దారంతా స్తంభాలోలే. ఆడు నీకు కనిపించకుండా తప్పుకున్నా నాకు తప్పుకోడు. కనిపిస్తే ఏటి సెప్పమంటావు?"

అమ్మ ఏదో అనబోయింది, రమ్మనమను అనే అయి ఉంటుంది. ఆ మాటకు వాడు రాడని నాకు తెలుసు.

"ఆడికి ఉజ్జోగం నేదని గుడంతటికీ తెలిసిపోనాదని సెప్పన్నా" అన్నాను.